ఒక్క టీచరు, ఒక్క పడవ: చిన్న ద్వీపాల బడుల చిక్కు ఎక్కడుంది?

పన్నెండు మంది పిల్లలున్న ఒక ద్వీపం బడి నుంచి ఓ కుటుంబం తమ ఇద్దరు పిల్లలను తీసుకుని అవతలి ఒడ్డుకు వలస పోయిందనుకోండి. తలకింత చొప్పున నిధులిచ్చే పద్ధతిలో ఆ బడికి వచ్చే డబ్బులో ఆరో వంతు తెగిపోయినట్టే. మరి ఖర్చెంత తగ్గింది? టీచరు జీతం మారలేదు, పైకప్పు మరమ్మతు మారలేదు, జనరేటర్ తాగే డీజిల్ మారలేదు, సరుకు తెచ్చే పడవ కిరాయి మారలేదు. మహా అయితే రెండు జతల పాఠ్యపుస్తకాలు మిగిలాయి. చిన్న ద్వీపాల బడుల కష్టాలు చాలావరకు ఈ లెక్క దగ్గరే మొదలవుతాయి.

పిల్లలు తక్కువ కావడమే సమస్య అని బయటివాళ్లు అనుకుంటారు. నిజానికి పదిమంది పిల్లలున్న గదిలో చదువు బాగా చెప్పొచ్చు. అసలు ఇబ్బంది ఏమిటంటే, అక్కడ ఏదైనా ఒక్కటే ఉంటుంది. ఆరువందల మంది ఉన్న బడిలో ఒక టీచరు సెలవు పెడితే ఇంకొకరు ఆ పీరియడ్ చూసుకుంటారు. ద్వీపంలో ఉన్నది ఒకే టీచరు. ఒకే పడవ, ఒకే నీళ్ల ట్యాంకు, ఒకే ఇంటర్నెట్ తీగ. ఒక్కోసారి నాలుగో తరగతి మొత్తం కలిపి ఒకే పిల్ల. వీటిలో ఏది ఆగినా దానికి బదులు ఇంకోటి ఉండదు. బడిని ఎలా నడపాలి, ఎంత డబ్బివ్వాలి అన్న నియమాలేమో పెద్ద బడులను చూసి రాసినవి.

తలలు లెక్కపెడితే వచ్చే తంటా

అమెరికాలోని అలాస్కా రాష్ట్రంలో ఒక బడిలో పిల్లల సంఖ్య 10 కంటే తగ్గితే రాష్ట్ర నిధుల్లో పెద్ద భాగం పోతుంది. అక్కడి ద్వీపాల్లోని ఊళ్లకూ ఇదే నియమం. పది నుంచి తొమ్మిదికి పడడమంటే గదిలో ఒక కుర్చీ ఖాళీ కావడమే, కానీ కాగితం మీద అది బడి చావుబతుకుల గీత. అదే దేశంలోని మెయిన్ అనే రాష్ట్ర తీరాన ఉన్న ఫ్రెంచ్‌బరో అనే చిన్న ద్వీపంలో 1960ల్లో బడి మూతపడకుండా ఉండేందుకు అక్కడి కుటుంబాలు ప్రభుత్వ సంరక్షణలో ఉన్న పిల్లలను తమ ఇళ్లకు తెచ్చి పెంచుకున్నాయి. బడి పోతే ఊరు పోతుందని వాళ్లకు బాగా తెలుసు. బడి లేని ద్వీపానికి చిన్న పిల్లలున్న జంట రాదు, ఉన్న జంట నిలవదు.

ఐర్లాండ్ పాటించే పద్ధతి ఇంకో రకం. ద్వీపం మొత్తానికి అదొక్కటే ప్రాథమిక పాఠశాల అయి, ఒకే టీచరుతో నడుస్తుంటే, తలల లెక్కతో నిమిత్తం లేకుండా రెండో టీచరును పెట్టుకునే వీలుంది. ఈ దారే సరైనదని చెప్పాలి. బడి ఎంత చిన్నదైనా అక్కడ జరగాల్సిన పనులు కొన్ని ఉంటాయి: పాఠం చెప్పడం, పసివాళ్లకు చదవడం నేర్పడం, వెనకబడిన పిల్లకు విడిగా సాయం చేయడం, రికార్డులు రాయడం, దెబ్బ తగిలితే కట్టు కట్టడం, పడవ దిగిన సామాను సరిచూసుకోవడం. పిల్లలు ఆరుగురైనా అరవై మందైనా ఈ జాబితా పొడవు పెద్దగా మారదు. నిధులు ఇచ్చేవాళ్లు ముందు చూడాల్సింది ఈ జాబితానే. దాదాపు 1,200 ద్వీపాలున్న మాల్దీవుల్లో జనం ఉండేవి 200 లోపే. అవి కూడా వందల కిలోమీటర్ల పొడవునా చెల్లాచెదురుగా ఉంటాయి. ఇలాంటి చోట బడులు కలిపేద్దామన్నా, పక్క ద్వీపానికి పిల్లలను రోజూ పడవలో పంపడం ఏడాది పొడవునా సాగే పని కాదు.

ఒకే గదిలో అయిదు తరగతులు

ఏకోపాధ్యాయ బడిలో టీచరుకు ఎదురయ్యే మొదటి లెక్క ఇది. రోజుకు 300 నిమిషాల బోధన. అయిదు తరగతులు, ఒక్కో తరగతికి నాలుగు సబ్జెక్టులు. మొత్తం ఇరవై పాఠాలు. తలా 15 నిమిషాలు. ఆ పావుగంటలో పుస్తకం తీసి, నిన్నటిది గుర్తుచేసి, కొత్తది మొదలుపెట్టేలోపు సమయం అయిపోతుంది. మిగతా నాలుగు తరగతుల పిల్లలు ఆలోగా కిటికీలోంచి చూస్తూనో, చూసిందే మళ్లీ రాస్తూనో కూర్చుంటారు. కొత్తగా వచ్చిన టీచర్లు దాదాపు అందరూ ఈ టైంటేబుల్‌తోనే మొదలుపెడతారు. ఎందుకంటే శిక్షణ కళాశాలలో వాళ్లు నేర్చుకున్నది ఒక తరగతికి ఒక పాఠం చెప్పడమే. నెల తిరిగేసరికి గొంతు పోతుంది, ఓపిక పోతుంది.

దీనికి ఉన్న మార్గం తరగతులను జట్లుగా కలపడం. ఒకటి, రెండు కలిపి చిన్నవాళ్ల జట్టు. మూడు, నాలుగు, అయిదు కలిపి పెద్దవాళ్ల జట్టు. ఇప్పుడు పాఠాలు ఎనిమిదే, ఒక్కోదానికి 37 నిమిషాలు దొరుకుతాయి. అయితే అన్ని సబ్జెక్టులనూ ఇలా కలపలేం. సైన్సు, సాంఘికశాస్త్రం, బొమ్మలు, ఆటలు కలుస్తాయి. మొక్కల గురించి మూడో తరగతిలో చదివినా నాలుగో తరగతిలో చదివినా నష్టం లేదు కాబట్టి, ఈ ఏడాది అందరికీ మొక్కలు, వచ్చే ఏడాది అందరికీ నీళ్లు అని సిలబస్‌ను చక్రంలా తిప్పొచ్చు. లెక్కలు మాత్రం తిరగవు. కూడిక రాకుండా గుణకారం, గుణకారం రాకుండా భిన్నాలు కుదరవు. చదవడం, రాయడం మొదటి మెట్లు కూడా అంతే. అందుకే లెక్కలకు, తొలి చదువుకు తరగతి పేరు పక్కనపెట్టి, ఏ పిల్ల ఏ మెట్టు మీద ఉందో చూసి జట్టు కట్టాలి.

చక్రం పద్ధతిలో ఒక లోపముంది, దాన్ని చాలామంది ఆలస్యంగా గమనిస్తారు. మధ్యలో వేరే బడి నుంచి వచ్చిన పిల్లకు కొన్ని పాఠాలు రెండుసార్లు వస్తాయి, కొన్ని అసలు రావు. మధ్యలో వెళ్లిపోయే పిల్లకూ అంతే. పరిష్కారం ఒక్క కాగితంలో ఉంది. ప్రతి పిల్లకూ తను చదివిన అంశాల పట్టిక రాసి ఉంచాలి, బడి మారినప్పుడు బదిలీ పత్రంతో పాటు దాన్నీ పంపాలి.

ఒక 45 నిమిషాల పీరియడ్‌ను దగ్గర నుంచి చూద్దాం. అంశం కొలతలు. మొదటి 5 నిమిషాలు అందరూ కలిసి ఒక తాడును జానలతో కొలుస్తారు. ఎవరికి ఎన్ని జానలొచ్చాయో బోర్డు మీద రాస్తారు. ఒకే తాడుకు వేర్వేరు అంకెలు ఎందుకొచ్చాయన్న ప్రశ్న గదిలో నిలబడుతుంది. తర్వాతి 15 నిమిషాలు టీచరు చిన్నవాళ్లతో నేల మీద కూర్చుని పొట్టి, పొడుగు పోల్చిస్తారు. ఆ సమయంలో పెద్దవాళ్ల చేతిలో ఒక పని కార్డు ఉంటుంది: టేపుతో గది నాలుగు వైపులా కొలిచి చుట్టుకొలత కట్టండి, అయ్యాక వరండా చుట్టుకొలత ముందు ఊహించి, తర్వాత కొలిచి, తేడా రాయండి. ఆ పైన 15 నిమిషాలు టీచరు పెద్దవాళ్ల దగ్గరికి మారతారు. చిన్నవాళ్లకు పది పుల్లలిచ్చి పొడవు వరసలో పేర్చమంటారు. పుల్లల వెనక వైపు ఒకటి నుంచి పది దాకా అంకెలు వేసి ఉంటాయి. పేర్చడం అయ్యాక పిల్లలే తిప్పి చూసుకుంటారు, అంకెలు వరసగా ఉంటే సరి. చివరి 10 నిమిషాలు ఒక జట్టు చేసింది ఇంకో జట్టుకు చెబుతుంది.

ఈ పీరియడ్ నిలబడేది ఆ పుల్లల వెనక అంకెల వల్లే. పిల్ల తన తప్పు తానే పట్టుకోగలిగితే టీచరు అవతలి జట్టుతో నిశ్చింతగా ఉండగలరు. అది లేకపోతే ఏమవుతుందో ఏ బడిలోనైనా చూడొచ్చు. ఏడు నిమిషాల్లో పని ముగించిన పిల్లలు పుస్తకాలు పట్టుకుని టీచరు బల్ల ముందు వరస కడతారు, రెండు పాఠాలూ ఆగిపోతాయి. అందుకే పని కార్డు మీద మూడు విషయాలు ఉండి తీరాలి: చేయాల్సిన పని, సరిచూసుకునే దారి, ముందే అయిపోతే తర్వాత చేయాల్సింది. కొలంబియాలో 1970ల మధ్యలో మొదలైన ఎస్కువేలా న్యూవా పద్ధతి మారుమూల బడులకు ఇలాంటి స్వయంబోధన పుస్తకాలనే తయారుచేసింది. ఆ తర్వాత చాలా దేశాలు దాన్ని తమకు తగ్గట్టు మార్చుకున్నాయి.

పని కార్డుకు ఒక హద్దు ఉంది. చదవడం రాని పిల్లకు అది ఉత్త కాగితం. అందువల్ల ఏకోపాధ్యాయ బడిలో అసలు ముడి ఒకటో తరగతే. అయిదు తరగతులున్నా ఒకటిలో ఎవరూ లేని ఏడాది నడిపించడం తేలిక. మూడు తరగతులే ఉండి, ఒకటిలో నలుగురుంటే కష్టం. సహాయకురాలిని పెట్టుకునేందుకు రోజుకు రెండు గంటలకే డబ్బుంటే, ఆ రెండు గంటలూ పొద్దున్నే, ఒకటో తరగతి పిల్లల పక్కనే వాడాలి. పెద్ద పిల్లల చేత చిన్నవాళ్లకు చదివించడం మంచిదే, చెప్పే పిల్లకూ పాఠం గట్టిపడుతుంది. అయితే అది రోజుకో పావుగంట దాటితే ఆ పెద్ద పిల్ల జీతం లేని టీచరై తన చదువు పోగొట్టుకుంటుంది. చాలాచోట్ల నష్టపోయేది నెమ్మదైన, తెలివైన ఆడపిల్లే.

ఇక భాష. పసిఫిక్ దేశం వనువాటులో వందకు పైగా స్థానిక భాషలున్నాయి, బడి చదువేమో ప్రధానంగా ఇంగ్లిషులో లేదా ఫ్రెంచిలో. లక్షద్వీప్‌లోని మినికాయ్‌లో ఇంట్లో మాట్లాడేది మహల్ అనే భాష, పాఠ్యపుస్తకం ఉండేది వేరే భాషలో. బయటి నుంచి వచ్చిన టీచరుకు ఇంటి భాష రాకపోతే, తొలి ఏడాది పిల్లకు అర్థంకానిది పాఠమా భాషా అని తేల్చుకోవడం కూడా కష్టమే.

టీచరు ఒంటరితనం, చేతులు మారే బడి

ఊళ్లో అద్దెకు ఇల్లు దొరక్కపోవడం చాలా చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ మంచి టీచరు ఏడాదికే వెళ్లిపోవడానికి అదీ ఒక పెద్ద కారణం. ద్వీపంలో ఖాళీ ఇళ్లు తక్కువ. ఉన్నవి సెలవుల కోసం వచ్చేవాళ్ల చేతుల్లో ఉంటే మరీ కష్టం. టీచరు పోస్టుతో పాటు ఇల్లు ప్రకటించని చోట దరఖాస్తులు రావు.

ఇల్లు దొరికినా ఇంకో భారం మిగులుతుంది. సాయంత్రం కొట్టు దగ్గర కలిసేది పొద్దున తాను మందలించిన పిల్లవాడి తండ్రే. రెండు కుటుంబాల మధ్య పడవ గురించో, వలల హద్దు గురించో తగువు వస్తే, మర్నాడు అది ఒకే బల్ల మీద కూర్చునే ఇద్దరు పిల్లల మధ్య కనిపిస్తుంది. పిల్లకు ఇంట్లో ఏదో ఇబ్బంది ఉందని టీచరు పైవాళ్లకు తెలియజేస్తే, చెప్పిందెవరో ఊరంతటికీ అర్థమైపోతుంది, ఎందుకంటే చెప్పగలిగేది ఆ ఒక్కరే. అందుకని పిల్లల రక్షణ ఫిర్యాదులు తీసుకోవడానికి ద్వీపం బయట ఉండే ఒక మనిషి, ఫోన్ నంబరు ముందే నిర్ణయించి ఉండాలి, పిల్లలకూ ఆ నంబరు తెలిసి ఉండాలి.

టీచరు మారినప్పుడు జరిగే నష్టాన్ని మాత్రం చేతనైనంత తగ్గించొచ్చు. పాత టీచరు ఎక్కిన పడవ వెళ్లిన మూడు వారాలకు కొత్త టీచరు దిగితే, బడి జ్ఞాపకమంతా ఆ మధ్యలో మాయమవుతుంది. వదిలి వెళ్లాల్సిన ఫైలులో ఇవి ఉంటే చాలు: ప్రతి పిల్ల చదివే స్థాయి, లెక్కల్లో చివరిగా పట్టుబడిన మెట్టు, సిలబస్ చక్రంలో ఈ ఏడాది ఏది, మొదటి పది రోజులకు సిద్ధంగా ఉన్న పాఠాలు, ఉబ్బసం, అలర్జీ ఉన్న పిల్లల వివరాలు, నీళ్ల పంపు, ఇన్వర్టర్ నడిపే తీరు, సరుకు ఆర్డరు ఏ తేదీకి పంపితే ఏ పడవకు అందుతుందో ఆ పట్టిక. రెండో కాపీ ద్వీపం బయట ఉండాలి. 2017 సెప్టెంబరులో ఇర్మా హరికేన్ తర్వాత కరీబియన్ సముద్రంలోని బార్బుడా ద్వీపం మొత్తాన్ని ఖాళీ చేయించారు. అక్కడి పిల్లలు పక్క ద్వీపమైన ఆంటిగ్వా బడుల్లో చేరాల్సి వచ్చింది. అలాంటి రోజున హాజరు పట్టీలు, మార్కుల రికార్డులు నీళ్ల పాలైన గదిలో మాత్రమే ఉంటే, పిల్ల ఏం చదివిందో చెప్పే ఆధారమే ఉండదు.

ఉప్పుగాలి, వాననీళ్లు, అర సెకను

ఉప్పుగాలి ముందు ఇనుమును తింటుంది, తర్వాత కరెంటు పరికరాలను. ల్యాప్‌టాప్ ఛార్జింగ్ రంధ్రం లోపల, స్విచ్‌బోర్డు స్క్రూల చుట్టూ ఆకుపచ్చటి పొర పడితే రాగి పోతున్నట్టు. చెమ్మ పుస్తకాలకు బూజు పట్టిస్తుంది. గాలిలో తేమ 65 శాతం దాటి నిలిచిపోతే అట్టల మీద మచ్చలు మొదలవుతాయి. పుస్తకాలను గోడకు ఆనించకుండా నాలుగు వేళ్ల ఎడంలో పెట్టడం, పరికరాలను గాలి చొరని డబ్బాలో చెమ్మ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో ఉంచి, పొట్లాలను నెలకోసారి వేడిచేసి ఆరబెట్టడం, ఇవి ఖర్చు లేని పనులు.

నీళ్లు ఇంకా ముఖ్యం. పగడపు దీవుల్లో మంచినీళ్లు భూమిలో ఉప్పునీటి మీద పల్చటి పొరలా తేలుతుంటాయి. ఎక్కువ తోడితే కింది ఉప్పు పైకొస్తుంది. అందుకే అక్కడ వాననీళ్లే దిక్కు. వానలు మొహం చాటేయడంతో 2011లో పసిఫిక్ దేశం తువాలులో అత్యయిక పరిస్థితి ప్రకటించాల్సి వచ్చింది. బడికి ఎంత ట్యాంకు కావాలో లెక్క కష్టం కాదు. పగటి బడిలో మనిషికి రోజుకు 5 లీటర్లు కనీస అవసరమన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం. 30 మంది పిల్లలు, ముగ్గురు పెద్దలకు 165 లీటర్లు. బడి జరిగే అరవై రోజుల పాటు వాన లేకపోతే 9,900 లీటర్లు, అంటే 10,000 లీటర్ల ట్యాంకు. వంద చదరపు మీటర్ల కప్పు మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే వెయ్యి లీటర్లు, కారేవి, ఆవిరయ్యేవి పోను 800 చేతికొస్తాయి. తొలి వానలో మొదటి వంద లీటర్లు పక్కకు వదిలేయాలి, పక్షుల రెట్టలు, దుమ్ము అందులోనే వస్తాయి. ఈ మళ్లింపు గొట్టం మూత బిగుసుకుపోయి ఎవరూ విప్పకపోవడం వల్లే చాలా ట్యాంకులు పాడవుతాయి. ట్యాంకు అడుగంటితే మొదట మూతపడేవి మరుగుదొడ్లు, ఆ వెంటనే బడి మానేది ఎదిగిన ఆడపిల్లలు.

దూరవిద్య గురించి ఆశలు ఎక్కువ. పసిఫిక్ దీవుల్లో ఆ ఆశకు పునాది కూడా ఉంది. 1968లో మొదలైన యూనివర్సిటీ ఆఫ్ ద సౌత్ పసిఫిక్ పన్నెండు దేశాల ఉమ్మడి ఆస్తి. ఉపగ్రహం ద్వారా దీవులకు పాఠాలు చేర్చడంలో దానికి చాలా అనుభవం ఉంది. అయితే వీడియో తరగతి ఎందుకు విసుగెత్తిస్తుందో తెలుసుకోవాలి. భూస్థిర ఉపగ్రహం, అంటే ఎప్పుడూ ఆకాశంలో ఒకేచోట ఉన్నట్టు కనిపించేది, భూమికి 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. టీచరు ప్రశ్న అడిగి, పిల్ల జవాబు తిరిగి వినబడడానికి కాంతి వేగంతో పోయినా దాదాపు అర సెకను పడుతుంది. ఆ నిశ్శబ్దాన్ని టీచరు తెలియనితనం అనుకుని రెండోసారి అడుగుతారు, ఇద్దరి మాటలూ ఢీకొంటాయి, సిగ్గరి పిల్ల ఇక నోరు విప్పదు. ప్రశ్న అడిగాక మనసులో అయిదు లెక్కపెట్టి ఆగడం, పిల్లను పేరుతో పిలవడం అలవాటైతే సగం ఇబ్బంది తీరుతుంది. దాదాపు 550 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే కొత్త ఉపగ్రహాలతో ఈ ఆలస్యం బాగా తగ్గింది.

సముద్రగర్భ కేబుల్ వచ్చినా అదీ ఒక్కటే. 2022 జనవరి 15న టోంగాలో అగ్నిపర్వతం పేలి కేబుల్ తెగితే, ప్రధాన ద్వీపానికి దాన్ని అతకడానికి అయిదు వారాలు పట్టింది. బయటి దీవులకు ఇంకా చాలా ఎక్కువ కాలం. అందుకని బడి లోపలే చిన్న సర్వర్ పెట్టి, కొలిబ్రి లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో పాఠాలు, కివిక్స్‌తో వికీపీడియా ముందే నింపి ఉంచుకోవడం మేలు. అరచేతిలో పట్టే కంప్యూటర్ చాలు, నెట్ లేకపోయినా గదిలోని ట్యాబ్‌లన్నింటికీ పాఠం అందుతుంది. వేగంగా పనిచేసే ఒక్క తీగ కంటే, నెమ్మదిగానైనా ఆగకుండా పనిచేసే పెట్టె మీద ముందు డబ్బు పెట్టాలి.

మార్కుల సగటు చెప్పే అబద్ధం

నలుగురు పిల్లలు పరీక్ష రాశారు: 80, 75, 70, 35. సగటు 65. మరుసటి ఏడు ఆ నాలుగో పిల్లవాడు వెళ్లిపోయి, మిగతా ముగ్గురికీ అవే మార్కులొస్తే సగటు 75. బడిలో చదువు రవ్వంత కూడా మారలేదు. ఇలాంటి సంఖ్యలతో ద్వీపాల బడులకు ర్యాంకులివ్వడం అన్యాయం. పైగా నలుగురి ఫలితం ప్రకటిస్తే ఎవరికెంతో ఊరంతా పోల్చుకుంటుంది. ఒక ఏడాది సగటు వదిలేసి, ఒక్కో పిల్ల ఎక్కడ మొదలై ఎక్కడికి చేరిందో మూడేళ్లు చూస్తే నిజం కనబడుతుంది.

పరీక్ష కేంద్రం ఇంకో ద్వీపంలో ఉంటే, పిల్ల తెల్లవారుజామున పడవెక్కి వాంతులతో వచ్చి పేపరు రాస్తుంది. ఒకరోజు ముందే చేరి, నిద్రపోయి రాసే ఏర్పాటు ఉండాలి. సముద్రం బాగోని నెలల్లో పరీక్షలు పెట్టకపోవడం, పెట్టినా రెండు ప్రత్యామ్నాయ తేదీలు ముందే ప్రకటించడం పరీక్షల బోర్డు చేతిలో పని.

పన్నెండేళ్లకు ఇల్లు విడిచి

స్కాట్లాండ్‌లోని ఫెయిర్ ఐల్ పిల్లలు హైస్కూలుకు లెర్విక్ పట్టణంలోని హాస్టలుకు వెళ్తారు. యాభై మంది కూడా లేని, పసిఫిక్‌లోని పిట్‌కేర్న్ ద్వీపం పిల్లలు న్యూజీలాండ్ దాకా పోవాలి. కొన్ని కుటుంబాల్లో పిల్లతో పాటు తల్లి కూడా తరలిపోతుంది, చిన్న తమ్ముడూ వెంట వెళ్తాడు. దాంతో ప్రాథమిక బడిలో ఇంకో ఇద్దరు తగ్గుతారు. మొదట చెప్పిన లెక్క మళ్లీ ముందుకొస్తుంది. దీన్ని తిరగేసి చూసింది జపాన్‌లోని ఓకి దీవుల దోజెన్ హైస్కూలు. 2008 నాటికి పిల్లలు 90 లోపుకు పడిపోతే, మూసేయడానికి బదులు దేశమంతటి నుంచి విద్యార్థులను ద్వీపానికి రప్పించే పని మొదలుపెట్టారు. పదేళ్లలో సంఖ్య రెట్టింపు దాకా పెరిగింది.

వెళ్లే పిల్లకు చదువు కంటే బడి నడిచే తీరే కొత్త. గంట కొట్టగానే గది మారడం, సబ్జెక్టుకో టీచరు, తన ఈడు పిల్లలు ముప్పై మంది ఒకేచోట. అయిదేళ్లు తన తరగతిలో తానొక్కతే ఉన్న పిల్లకు గుంపులో చేయి ఎత్తడం ఒక పెద్ద పని. వెళ్లేముందు ఏడాది రెండుసార్లు ఆ బడిలో మూడేసి రోజులు గడిపించడం, అదే ద్వీపం నుంచి ముందే వెళ్లిన పిల్లను తోడుగా పెట్టడం చాలా ఉపకరిస్తాయి. చదివిన అంశాల పట్టిక ముందే చేరితే లెక్కల టీచరుకు ఎక్కడ ఖాళీ ఉందో తెలుస్తుంది. హాస్టలు శనాదివారాల్లో కూడా తెరిచి ఉండాలి, వంటగది నడవాలి, మాట్లాడే పెద్దమనిషి ఒకరుండాలి. పట్టణం పిల్లలంతా శుక్రవారం సాయంత్రం ఇళ్లకు పోయాక, అలల వల్ల పడవ రద్దయి ఖాళీ వరండాలో సంచీతో నిలబడేది ద్వీపం పిల్లే.